సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక, 2025–26 (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

గౌరవ సభ్యులకు నమస్కారం. మన సంఘం నియమావళి ప్రకారం నివేదిక సమర్పించాలి కనుక సమర్పిస్తున్నాను. చేసిన పని నలుగురికీ తెలియాలన్న ఆశ కూడా ఉంది, దాచుకోను.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాల పోటీ, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. మే నెలలో గోదావరి అవతల కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలప్పుడు మన ఊరి మీదుగా వెళ్ళే యాత్రికులకు మజ్జిగ పోశాం. ఫోటోలు దిగే పని కదా, వాలంటీర్లకు కొదవ లేదు.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోవలసింది, సినిమాల్లో అత్యాచారాన్ని ఎలా చూపిస్తున్నారన్న దానిపై మహిళా విభాగం నడిపిన రెండు రోజుల చర్చ. మొదటి రోజు ‘వకీల్ సాబ్’ చూశాం. 2016 నాటి హిందీ ‘పింక్’కు 2021లో వచ్చిన తెలుగు రూపం, కేసులో చిక్కుకున్న ముగ్గురు అమ్మాయిల కథ. అమ్మాయి వద్దంటే వద్దనే అర్థమని గట్టిగా చెప్పిన సినిమా, ఆ మేలు కాదనం. కాని హిందీలో లేని ప్రేమకథా, ఫైట్లూ హీరో కోసం వచ్చి చేరాయి. ఆ సందడిలో ముందు వరుసలోని ఒక పెద్దావిడ, “ఆ పిల్లలు ముగ్గురూ ఎక్కడికి పోయారు నాయనా?” అని అడిగారు. వెనక ఈలల్లో సగం మందికి వినపడలేదు. రెండు రోజుల్లో అంతకు మించిన విమర్శ నేను వినలేదు.

మర్నాడు 2022 నాటి ‘గార్గి’, తెలుగు డబ్బింగ్‌లో. అత్యాచారం కేసులో తండ్రి నిర్దోషి అని నమ్మి కోర్టు చుట్టూ తిరిగిన కూతురే చివరికి నిజాన్ని ఎదుర్కొంటుంది. పగ తీర్చే హీరో లేడు. ఈల వేయడానికి చోటు దొరకక కుర్రాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు.

అతిథిగా వచ్చిన న్యాయవాది మన జిల్లా సంగతే ఎత్తారు. ఉత్తర కొసన ఉన్న దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసు అది. ఒంటిపై గాయాలు లేవని, కేకలు వేసిందన్న మాట నమ్మలేమని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ విడిచిపెట్టింది. మహిళలు వీధికెక్కాక 1983లో చట్టం మారింది, బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. ఆ కేసును నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు, మేము మాత్రం ఇక్కడ రాయడం లేదు. పెనుగులాడనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013లో చట్టంలోనే చేర్చారు. మన సినిమాల్లో చాలావాటికి ఆ కబురు ఇంకా అందలేదు. చిరిగిన చీర, పగిలిన గాజులు, కేకలు ఉండాల్సిందే. ఆపైన చెల్లెలు ప్రాణం తీసుకోవాలి, అన్న కత్తి పట్టాలి.

హాలు కోసం ఒక కార్యాలయానికి పెట్టిన దరఖాస్తుకు, కార్యక్రమం ముగిసి అద్దె కుర్చీలు తిరిగి వెళ్ళాక, ‘విషయం స్పష్టం చేయండి’ అని మరాఠీలో జవాబు వచ్చింది. చివరికి ధాన్యం గోదాము ఇచ్చిన సభ్యునికి, తెర కుట్టిన దర్జీకి, ప్రొజెక్టరు తెచ్చిన మాస్టారికి, న్యాయవాదికి కృతజ్ఞతలు. కుర్చీలు మోస్తామని పేర్లు ఇచ్చినవారిలో ఎక్కువ మంది ఫోను ఎత్తలేదు. మహిళా విభాగం వారే కుర్చీలు మోసి, టీ కాచి, చర్చ నడిపారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి వద్ద ఉంది, చూడగోరేవారు చూడవచ్చు. చందా బకాయిలు ఉన్నవారికి తమ పేర్లు తెలుసు.

వచ్చే ఏటి చర్చకు సినిమాలను మహిళా విభాగమే ఎంపిక చేయాలని ప్రతిపాదిస్తున్నాను, ఆమోదించగలరు. కుర్చీల పనికి పేర్లు ఇచ్చేవారు ఈసారి సంతకం కూడా చేయాలి.

ఇట్లు,
కార్యదర్శి