మంచు లెక్క నేర్పడానికి మాకు రంగు పటాలు ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మొన్న తొమ్మిదో తరగతికి హిమానీనదాల (కొండల మీద మెల్లగా జారే మంచు ప్రవాహాల) గురించి చెప్తూ, హిమాలయాల పాత టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) ఒకటి ప్రింట్ తీసి పంచాను. ఆ పటంలో నేల మీది కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గోధుమ రంగులో, మంచు మీదివి నీలి రంగులో ఉంటాయి. మా బడి ప్రింటర్‌లో నలుపు ఒక్కటే వస్తుంది. "సార్, ఇందులో మంచేది, గుట్టేది?" అన్నారు పిల్లలు. నేనూ చెప్పలేకపోయాను.

మర్నాడు బయట నాలుగు కలర్ ప్రింట్లు తీయించాను. తెల్లకాగితాలకు కొబ్బరినూనె రాసి, పాత పటంలోని నీలి గీతలు వాటి మీద దించుకున్నాం. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు పక్కన రాసుకున్నాం. ఒకమ్మాయి లేచి, "మంచు అంచు ఉన్నకాడనే ఉంది కద సార్, తగ్గిందని ఎట్ల తెలుస్తది?" అంది.

ఇన్నేళ్ల సర్వీసులో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. రాళ్లూ మట్టీ కప్పుకున్న హిమానీనదాలు చాలాసార్లు అంచు కదలకుండానే పల్చబడతాయి. మా వడ్డేపల్లి చెరువునే గుర్తు చేశాను. కట్ట వైపు నీళ్లు జరిగినట్టే అనిపించదు, రాళ్ల మీద తడి గుర్తు మాత్రం దిగిపోతుంది. పటంలోనూ అంతే. ఒకచోట పాత ఎత్తు 4,200 మీటర్లు, కొత్తది 4,180 అనుకుందాం. అక్కడ 20 మీటర్ల మంచు పోయినట్టు. పైన మంచు పేరుకుంటుంది, కింద కరుగుతుంది కాబట్టి పటాన్ని గడులుగా విడదీసి, ప్రతి గడిలో తేడాను గడి వైశాల్యంతో గుణించి మొత్తం కూడాలి. పోయిన మంచు ఘనపు మీటరుకు సుమారు 850 కిలోలు వేసుకుంటే ఎంత నీరు పోయిందో తేలుతుంది. పాత పటాల్లో తప్పులూ ఉంటాయి. అందుకే ముందు మంచు లేని బండల మీద రెండు ఎత్తులూ కలుస్తున్నాయో లేదో చూడాలి. పిల్లలకు అన్నిటికంటే నచ్చింది ఈ తనిఖీయే.

పరిశోధకులూ ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. 1970ల నాటి నిఘా ఉపగ్రహాల ఫొటోల నుంచి ఎత్తులు రాబట్టి, తర్వాతి వాటితో పోల్చారు. 2000 తర్వాత హిమాలయాల్లో మంచు తగ్గే వేగం అంతకు ముందు పాతికేళ్ల కన్నా రెట్టింపైందని 2019లో తేల్చారు.

మన గోదావరికి మంచు నీళ్లు రావు, వానే దిక్కు. మరి ఇక్కడి పిల్లలకెందుకని కొందరు అడుగుతారు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగాయి. ఏ వైపు పల్లం ఉందో చెప్పేదీ ఈ గీతలే కదా సార్.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు (పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు) ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఉపగ్రహాలతో ఎత్తులు కొలిచే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది. కావలసింది ప్రింట్లు, మాకు రెండు రోజుల శిక్షణ. ప్రతి ప్రభుత్వ హైస్కూల్‌కు ఒక హిమాలయ పటం, తమ మండలం పటం, రెండూ రంగుల్లో, పిల్లలు బల్ల మీద పరుచుకుని చూసేంత పెద్దవి పంపించండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు అందితే, మొదటి పాఠం వాటితోనే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
హనుమకొండ