దూరాన్ని 900తో భాగిస్తే విమాన సమయం రాదు

సంపాదకుల వారికి నమస్కారం.

దూరప్రయాణ విమానాల గురించి రాసేటప్పుడు పత్రికలు, విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందని లెక్కేసి, దూరాన్ని 900తో భాగించి ‘ఇన్ని గంటల ప్రయాణం’ అని వేస్తున్నాయి. ఆ లెక్క నమ్ముకుని మధ్యలో మరో విమానం అందుకోవాలనుకునే వాళ్లు దెబ్బతింటారు. దయచేసి ఈ అలవాటు మార్చండి.

దూరంతోనే పొరపాటు మొదలవుతుంది. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసే గీత విమానం దారి కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. బీజింగ్, న్యూయార్క్ రెండూ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. ఆ అక్షాంశం వెంటే పోతే 14,000 కిలోమీటర్లు దాటుతుంది. దారం మాత్రం ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోతుంది, పొడవు 11,000 కిలోమీటర్లే. అయితే ఆ దగ్గరి దారి ఎప్పుడూ దొరకదు. 2022లో రష్యా గగనతలం ఐరోపా విమానాలకు మూతపడ్డాక హెల్సింకీ–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది. ఊళ్లు కదల్లేదు, దారి మారింది.

కొలత పేరు కూడా రాయాలి. సింగపూర్–న్యూయార్క్ 8,288 నాటికల్ మైళ్లు (విమానాలు, ఓడల లెక్కల్లో వాడే, మామూలు మైలు కన్నా పొడవైన కొలత). మామూలు మైళ్లలో అది 9,537, కిలోమీటర్లలో సుమారు 15,350. ఉత్త ‘మైళ్లు’ అని వేస్తే వెయ్యికి పైగా తేడా వస్తుంది.

ఇక గాలి. అసలు తేడా దీనివల్లే. విమానాలు ఎగిరే ఎత్తులో ఉండే బలమైన గాలి ప్రవాహం, జెట్ స్ట్రీమ్, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. లండన్–న్యూయార్క్ 5,540 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 900, గాలి సగటున 100 అనుకుందాం. తూర్పుకు వస్తే వేగం 1,000 అయి 5 గంటల 32 నిమిషాలు పడుతుంది. పడమరకు పోతే 800కి తగ్గి 6 గంటల 56 నిమిషాలు. ‘పోయేటప్పుడు నష్టం, వచ్చేటప్పుడు లాభం, చెల్లుకు చెల్లు’ అనుకోకండి. గాలి లేకపోతే రానుపోను 12 గంటల 19 నిమిషాలు, గాలి ఉంటే 12 గంటల 28. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి ఆ తొమ్మిది నిమిషాలు తిరిగి రావు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల తోడుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది. అలాంటి రోజు చూసి టైమ్‌టేబుల్ రాయరు.

పైవన్నీ గాలిలో గడిచే సమయాలు. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. గేటు దగ్గర విమానం వెనక్కి కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్లో గేటు చేరి ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా పోవడం, వరుసలో నిరీక్షణ, నెమ్మదిగా పైకెక్కడం, దిగేముందు చుట్లు తిరగడం కలిపితే అరగంట నుంచి ముప్పావుగంట సులువుగా చేరుతుంది.

గడియారం లెక్క మరీ మోసం చేస్తుంది. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. జనవరిలో న్యూయార్క్‌లో రాత్రి 10కి సింగపూర్ విమానం బయల్దేరిందనుకోండి, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) అది మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు. ప్రయాణ సమయం 18 గంటల 40 నిమిషాలు కలిపితే రాత్రి 9.40. సింగపూర్ యూటీసీ కన్నా ఎనిమిది గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ ఉదయం 5.40, అదీ మూడో రోజున. వేసవిలో న్యూయార్క్ గడియారం గంట ముందుకు జరుగుతుంది. అప్పుడు అదే విమానం అదే రాత్రి 10కి బయల్దేరితే 4.40కే దిగుతుంది.

ఇట్లు,
విమానాల టైమ్‌టేబుళ్ల పని తెలిసిన పాఠకులు