బార్బరా స్టాన్విక్ సినిమాలకు వరుస కుదిర్చిన పెద్దలకూ మిత్రులకూ కృతజ్ఞతలు

పాతకాలపు హాలీవుడ్ నటి బార్బరా స్టాన్విక్ సినిమాలను ఒక వరుసలో పెట్టే పని నెత్తికెత్తుకుని నేను సాయం అడిగినప్పుడు, అడిగినదానికన్నా ఎక్కువే చేసిన అందరికీ ఈ నాలుగు మాటలు. నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని పాత సినిమాలు చూసే మా చిన్న బృందంలో చాలామందికి ఆమె పేరు తప్ప ఆమె నటన తెలియదు. 1920ల చివర మొదలుపెట్టి 1964 దాకా ఎనభైకి పైగా చిత్రాల్లో నటించిన మనిషిని కొత్తవారికి పరిచయం చేయాలంటే దేనితో మొదలుపెట్టాలో, దేన్ని తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చునో ముందుగా తేలాలి. ఇప్పుడు తేలింది. అందులో ఎవరి చేయి ఎంత ఉందో చెప్పడం నా బాధ్యత. పేర్లు రాయవద్దని వారే అన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదటి నమస్కారం కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మా మాస్టారికి. ఆయన నా కాగితాలు చేతిలోకి తీసుకోకముందే ఒక కొలబద్ద ఇచ్చారు. సినిమా ఎంత గొప్పదో కొలవడం తరవాతి సంగతి, ముందు ఆ పాత్రను ఇంకొక నటికి ఇచ్చి ఉంటే ఆ సినిమాలో ఏం మిగిలేదో ఊహించి చూడమన్నారు. అవార్డులను పట్టుకుని వెళితే ఈమె విషయంలో ఎటూ తేలదు. ‘స్టెల్లా డాలస్’ (1937), ‘బాల్ ఆఫ్ ఫైర్’ (1941), ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944), ‘సారీ, రాంగ్ నంబర్’ (1948) చిత్రాలకు నాలుగుసార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నాలుగుసార్లూ బహుమతి వరసగా లూయీజ్ రైనర్, జోన్ ఫాంటేన్, ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్, జేన్ వైమన్ పట్టుకుపోయారు. మా జాబితాలో మొదట నిలిచిన సినిమాకు ఆమెకు నామినేషన్ కూడా దక్కలేదు. 1999లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అలనాటి నటీమణుల్లో ఆమెకు పదకొండో స్థానం ఇచ్చింది కానీ అది నటికి ఇచ్చిన స్థానం, ఏ సినిమా ముందో అది చెప్పదు.

మాస్టారి కొలబద్ద పెట్టగానే ‘మీట్ జాన్ డో’ (1941) కిందికి జారింది. దాని దర్శకుడు ఫ్రాంక్ కాప్రా అంటే నాకు అభిమానమే. సినిమాల్లో ఆమెను నటిగా మొదట గుర్తించినవాడు ఆయనే. ‘లేడీస్ ఆఫ్ లీజర్’ (1930) తీస్తున్నప్పుడు ఈ అమ్మాయి మొదటి టేకులోనే ఉన్నదంతా పెట్టేస్తుందనీ, తరవాతి టేకుల్లో ఆ వేడి ఉండదనీ కనిపెట్టి, రిహార్సళ్లు మిగతావాళ్లతో జరిపించి, ఆమె సెట్ మీదికి వచ్చాక ఒకటికన్నా ఎక్కువ కెమెరాలతో ఒకేసారి పట్టుకునేవాడు. అయినా ‘మీట్ జాన్ డో’ గేరీ కూపర్ సినిమా. ఆమె అందులో చక్కగా చేసింది, కానీ ఆ పత్రికా విలేఖరి పాత్రను మరో ఇద్దరు ముగ్గురు కూడా మోయగలిగి ఉండేవారు.

మొదటి స్థానం ప్రెస్టన్ స్టర్జెస్ రాసి తీసిన ‘ది లేడీ ఈవ్’ (1941)ది. దీన్ని మొదట పెట్టడానికి నాకు కారణాలు దొరకబుచ్చి ఇచ్చింది హైదరాబాదులో ఎడిటింగ్ పని చేసే మా చిన్నాన్నగారి అమ్మాయి. పని ఒత్తిడిలో ఉండి కూడా ఒక సాయంత్రమంతా ఓడలోని భోజనశాల దృశ్యాన్ని ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి చూపించింది. స్టాన్విక్ ఇందులో పేకాటలో పెద్దవాళ్లను ముంచే తండ్రికి తగిన కూతురు. హెన్రీ ఫోండా పాముల మీద పిచ్చితో అమెజాన్ అడవులకు వెళ్లి తిరిగి వస్తున్న కోటీశ్వరుడి కొడుకు. అతడు ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటే ఓడలోని పెళ్లికాని ఆడపిల్లలందరూ తలొక ఎత్తు వేస్తూ ఉంటారు. మన కథానాయిక అటు తిరగను కూడా తిరగదు. పౌడర్ పెట్టె అద్దం పైకెత్తి, వీపు వెనక జరుగుతున్నదంతా అందులో చూస్తూ, ఎవరు ఏం చేయబోతున్నారో, ఎలా భంగపడబోతున్నారో తండ్రికి వ్యాఖ్యానం చెబుతూ పోతుంది. మనం చూసేది ఆ అద్దంలోని బొమ్మ, వినేది ఆమె గొంతు. చెల్లెలు చూపించేదాకా నేను గమనించని సంగతి ఏమిటంటే, ఆ కాసేపూ సినిమాకు దర్శకత్వం వహిస్తున్నది ఆ పాత్రే. ఫ్రేము ఆమె చేతిలో ఉంది, సంభాషణలు ఆమె నోట్లో ఉన్నాయి, పాత్రధారులు ఆమె చెప్పినట్టే నడుస్తున్నారు. చివర అతడు లేచి వెళ్లబోతూ ఉంటే కాలు అడ్డంపెట్టి పడేసి, తన చెప్పు మడమ విరగ్గొట్టాడని అతడి మీదే విరుచుకుపడుతుంది.

తరవాత సగంలో, తన మోసం సంగతి తెలిసి అతడు వదిలేశాక, అదే మనిషి ఇంగ్లండు దొరసానినంటూ అతడి ఇంటికే వస్తుంది. వేషం మార్చదు, జుట్టు మార్చదు, యాస ఒక్కటే మారుస్తుంది. ఇంత పోలిక ఉంది కాబట్టే ఈమె ఆమె అయి ఉండదని ఆ అమాయకుడు నమ్ముతాడు. మనమూ నవ్వుతూనే నమ్ముతాం. పగ తీర్చుకోవాలన్న పట్టుదలా, తీర్చుకుంటున్నకొద్దీ ఆమెలో మళ్లీ మొలకెత్తే ప్రేమా ఒకే ముఖంలో కనబడాలి. మరొకరి పేరు పెట్టి ఊహించబోతే నాకు ఊహ సాగలేదు.

రెండో స్థానం మీద గొడవ జరిగింది. నిజం చెప్పాలంటే గొడవ పడినవారికే ఎక్కువ కృతజ్ఞతలు చెప్పాలి. లోకంలో చాలామంది మొదట చెప్పే పేరు ‘డబుల్ ఇండెమ్నిటీ’. మా బృందంలోని పెద్దావిడ, అందరం అత్తయ్యగారు అని పిలుచుకునే ఆమె, అది మూడోదనీ కింగ్ విడార్ తీసిన ‘స్టెల్లా డాలస్’ దానికన్నా పైనుండాలనీ పట్టుబట్టారు. ఆవిడ వాదన విన్నాక ఎదురు చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచలేదు. కథగా చూస్తే ఇది మనకు కొత్తేమీ కాదు. చదువూ నాజూకూ లేని తల్లి, కూతురు పెద్దింటి కోడలు కావడానికి తానే అడ్డమని తెలుసుకుని, ఆ పిల్ల మనసు విరిచి మరీ తనకు దూరం చేసుకుంటుంది. ఇలాంటి తల్లులు మన సినిమాల్లోనూ బోలెడుమంది ఉన్నారు, దాదాపు అందరూ ఏడుస్తారు. అత్తయ్యగారు ఎత్తి చూపింది రైలు పెట్టెలోని దృశ్యం. తన వేషభాషల గురించి కూతురి స్నేహితులు వెక్కిరించుకోవడం రాత్రివేళ బెర్త్ మీద పడుకున్న స్టెల్లా వింటుంది, కూతురూ వింటుంది. తల్లి విన్నదేమోనన్న భయంతో ఆ పిల్ల దిగి వచ్చి పక్కన పడుకుంటే, స్టెల్లా నిద్ర నటిస్తుంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే ఉంటారు. ముఖంలో దాదాపు ఏ కదలికా లేకుండా స్టాన్విక్ అంత బరువునూ మోస్తుంది.

చివరి దృశ్యం మరీ ప్రసిద్ధం. వానలో, ఇనుప కమ్మీల అవతల నిలబడి, కిటికీలోంచి కూతురి పెళ్లి చూస్తూ ఉంటే పోలీసు వచ్చి జనాన్ని కదలమంటాడు. ముద్దు పెట్టుకునేటప్పుడు పెళ్లికూతురి ముఖం ఒక్కసారి చూసి పోతానని బతిమాలుకుంటుంది. రుమాలు కొస పళ్ల మధ్య నలుగుతూ ఉంటుంది. చూసిన తరవాత వెనుదిరిగి మనవైపు నడిచి వచ్చేటప్పుడు ఆమె ముఖం మీద ఉన్నది నవ్వు, గెలిచిన మనిషి నవ్వు. ఆ నవ్వుకే తాను రెండో స్థానం ఇస్తున్నానని అత్తయ్యగారు తీర్పు చెప్పేశారు.

‘డబుల్ ఇండెమ్నిటీ’ మూడోది అయినంత మాత్రాన తక్కువది కాదు. జేమ్స్ ఎం. కెయిన్ నవలను బిల్లీ వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి తెరకు రాశారు, వైల్డర్ తీశాడు. భర్త చేత అతడికి తెలియకుండా ప్రమాద బీమా కాగితం మీద సంతకం పెట్టించి, బీమా ఏజెంటుతో కలిసి చంపించే ఇల్లాలి కథ ఇది. ఇందులోని లెక్క మా అందరికీ విడమరిచి చెప్పింది, ఎల్‌ఐసీ ఏజెంటుగా జీవితమంతా గడిపిన బాబాయిగారు. మన పాలసీల్లో డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్ అని చేర్చేదాని వంటిదే అదీననీ, సినిమాలో 50,000 డాలర్ల పాలసీకి రైలు ప్రమాదంలో పోతే లక్ష వస్తుంది కాబట్టే అసలే కాలు విరిగి ఊతకర్రల మీద తిరిగే మనిషి రైల్లోంచి పడ్డట్టు చూపించవలసి వచ్చిందనీ ఆయన వివరించాక, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ చేసిన క్లెయిముల అధికారి కీస్ అనుమానం ఎంత సహజమో తెలిసింది. ఆ పాత్ర మాట్లాడినప్పుడల్లా బాబాయిగారు తల ఊపుతూనే ఉన్నారు.

హత్య జరిగే క్షణంలో వైల్డర్ కెమెరాను భర్త వైపు తిప్పడు. కారు నడుపుతున్న స్టాన్విక్ ముఖం మీదే ఉంచుతాడు. పక్క సీటులో మనిషి ప్రాణం పోతూ ఉంటుంది, ఆమె చూపు రోడ్డు మీదినుంచి కదలదు. చివరికి పెదవుల దగ్గర తృప్తి వంటిది ఒకటి లీలగా కనిపిస్తుంది. ఆ ఒక్క షాటు కోసమే దీన్ని మొదట పెట్టాలని వాదించినవారు ఇద్దరున్నారు. వారి వాదన కూడా బలమైనదేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను. అయితే ఆ సినిమాను రాబిన్సన్, బీమా ఏజెంటుగా చేసిన ఫ్రెడ్ మెక్‌మరీ, చాండ్లర్ మాటలు కూడా తలా కొంత మోస్తున్నాయి; ‘స్టెల్లా డాలస్’ను మోసేది ఆమె ఒక్కతే.

నాలుగోదైన ‘బేబీ ఫేస్’ (1933) విషయంలో న్యూజెర్సీలో ఉంటున్న మా వదినగారికి రుణపడ్డాను. ఈ సినిమాకు రెండు రూపాలున్నాయి. న్యూయార్క్ సెన్సారు ఒప్పుకోకపోవడంతో కత్తిరించి, మాటలు మార్చి, నీతి అతికించి విడుదల చేసిన రూపమే దశాబ్దాల పాటు లోకానికి తెలుసు. 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిల్వల్లో కోతపడని నెగటివ్ బయటపడింది. రెండూ ఉన్న డిస్కును వదిన కొని, సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసులో జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చారు. రెండూ వెంటవెంటనే చూడకపోతే తేడా తెలియదు. సారా కొట్టులో మగవాళ్లతో విసిగిపోయిన కథానాయిక లిల్లీకి, జర్మన్ తత్వవేత్త నీచే పుస్తకం చేతపట్టుకున్న, చెప్పులు కుట్టే ముసలివాడు అసలు రూపంలో ఇచ్చే సలహా, మగవాళ్లను వాడుకుని కావలసింది సంపాదించుకోమని. మార్చిన రూపంలో అదే ముసలివాడు మంచిదారీ చెడ్డదారీ అంటూ సుద్దులు చెబుతాడు. ఆమె న్యూయార్క్‌లో ఒక బ్యాంకులో చేరి, ఒక్కొక్క అధికారిని దాటుకుంటూ పైకి వెళుతూ ఉంటే కెమెరా భవనం బయటినుంచి ఒక్కొక్క అంతస్తే పైకి ఎక్కుతుంది. 1934లో హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న నీతి నియమావళి అయిన ప్రొడక్షన్ కోడ్‌ను గట్టిగా అమలుచేయడం మొదలయ్యాక ఇలాంటి సినిమా రావడం అసాధ్యమైపోయింది. కోతపడిన రూపం మాత్రమే చూసి ఉంటే నేను దీన్ని మొదటి పదిలో చేర్చేవాణ్ణి కాదు.

‘రిమెంబర్ ద నైట్’ (1940), ‘దేర్స్ ఆల్వేస్ టుమారో’ (1956) రెండింటినీ పక్కపక్కన పెట్టమన్నది మళ్లీ మాస్టారే. రెండింటిలోనూ ఆమె పక్కన మెక్‌మరీయే ఉన్నాడు. మొదటిదానిలో షాపులో నగ కొట్టేసి పట్టుబడ్డ అమ్మాయి, ఆమె మీద కేసు నడపవలసిన ప్లీడరుతోనే క్రిస్మస్‌కు అతడి ఊరికి వెళుతుంది. దారిలో ఆమె కన్నతల్లి ఇంటి గడపలో దొరికిన ఆదరణ ఏపాటిదో చూస్తే ఈ పిల్ల ఎందుకు ఇలా తయారైందో చెప్పనక్కరలేదు. రెండోదానిలో బొమ్మల కంపెనీ యజమానిగా ఇంట్లో ఎవరికీ పట్టని భర్త అతడు, ఏళ్ల తరవాత తిరిగి వచ్చిన పాత స్నేహితురాలు ఆమె. డగ్లస్ సర్క్ తీసిన ఈ సినిమాకు ఉండవలసినంత పేరు లేదని నా అభిప్రాయం. ఐదూ ఆరూ ఈ రెండే.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ‘బాల్ ఆఫ్ ఫైర్’ ఏడు. వెస్టర్న్‌ల అభిమాని అయిన మా ఆఫీసు మిత్రుడి పుణ్యమా అని ‘ది ఫ్యూరీస్’ (1950), ‘ఫార్టీ గన్స్’ (1957) ఎనిమిదీ తొమ్మిదీ అయ్యాయి. రెండోదానిలో రికాబులో కాలు చిక్కుకుని గుర్రం ఈడ్చుకుపోయే దృశ్యాన్ని, దాదాపు ఏభై ఏళ్ల వయసులో డూపు లేకుండా ఆమే చేసింది. ‘సారీ, రాంగ్ నంబర్’ పదోది. మంచం మీదినుంచి కదలలేని మనిషి, చేతిలో టెలిఫోను, అంతకుమించి ఆమెకు అందులో ఆధారమేమీ లేదు. ‘ది బిట్టర్ టీ ఆఫ్ జనరల్ యెన్’ (1933) కోసం ఒక మిత్రుడు చాలా వాదించాడు కానీ, చైనా సేనాని పాత్రకు స్వీడన్ నటుడు నిల్స్ ఆస్థర్‌కు రంగు పూసి నిలబెట్టడం ఈనాడు చూస్తే కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. పదికి బయటే ఉంచాను.

‘గోల్డెన్ బాయ్’ (1939) కూడా పదిలో లేదు. అయినా మొదటి సమావేశంలో దాని కథ చెప్పి తీరాలని అత్తయ్యగారి ఆజ్ఞ. కొత్తగా వచ్చిన విలియం హోల్డెన్‌ను తీసేయాలని స్టూడియో అనుకున్నప్పుడు స్టాన్విక్ అడ్డుపడి, పట్టుబట్టి అతడిని నిలబెట్టింది. 1978 ఆస్కార్ వేదిక మీద ఆమె పక్కనే నిలబడి, ప్రకటించవలసిన అవార్డును పక్కన పెట్టి, హోల్డెన్ ఆ మేలును లోకమంతటికీ చెప్పాడు. 1981లో అతడు పోయాడు. మరుసటి ఏడాది గౌరవ ఆస్కార్ అందుకుంటూ, తనకు ఇది రావాలని అతడు ఎప్పుడూ కోరుకునేవాడని ఆమె గుర్తుచేసుకుంది.

పైన చెప్పిన వారందరికీ, డిస్కులూ పుస్తకాలూ అరువిచ్చినవారికీ, హాలును మాకు వదిలిపెట్టి వంటింట్లో టీ కాచి ఇచ్చినవారికీ పేరుపేరునా ధన్యవాదాలు. వచ్చే నెలలో ‘ది లేడీ ఈవ్’తో మొదలుపెడుతున్నాం, సబ్‌టైటిళ్లతో. డబుల్ ఇండెమ్నిటీ వాదులు ఇద్దరూ తప్పకుండా రావాలి. మూడో సినిమా రోజున ముందుగా మాట్లాడే అవకాశం వారిదే.