రిలే కిట్లలో డయోడ్ లేదు, రెసిస్టర్ తప్పు: మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 5 వోల్టుల రిలే కిట్లలో లోపాలు.

నమస్కారం. మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి మీ దగ్గర 30 రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్) కిట్లు కొన్నాం. డబ్బా మీద 3.3 వోల్టుల కంట్రోలర్‌తో కూడా పనిచేస్తుందని అచ్చువేశారు. అలాంటి 3.3 వోల్టుల కంట్రోలర్ ఈఎస్‌పీ8266కి కలిపితే కొన్ని రిలేలు ఆన్ అవుతున్నాయి, కొన్ని గరగరమంటున్నాయి, కొన్నింటిలో చలనమే లేదు.

కారణం మీ డిజైన్‌లోనే ఉంది. రిలే లోపలి తీగచుట్ట (కాయిల్) రెసిస్టెన్స్ మీటర్‌లో 70 ఓమ్‌లు చూపిస్తోంది. అంటే 5 వోల్టుల దగ్గర దానికి 71 మిల్లీయాంప్‌లు కావాలి. మీరేమో ఆ కరెంటును నడిపే బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి (అదుపు చేసే కాలికి) 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఇచ్చారు. 3.3 వోల్టుల్లో 0.7 బేస్ దగ్గరే పోతుంది కాబట్టి బేస్‌లోకి వెళ్లేది 0.26 మిల్లీయాంప్ మాత్రమే. గెయిన్ (బేస్ కరెంటును ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె) 200 ఉన్నా కాయిల్‌కి అందే కలెక్టర్ కరెంటు 52 మిల్లీయాంప్‌లు దాటదు. గెయిన్ ఎక్కువున్న ట్రాన్సిస్టర్ ఎవరికి దొరికితే వాళ్ల కిట్ పనిచేస్తుంది, మిగతా పిల్లలు తమదే తప్పనుకుంటారు. 1 కిలోఓమ్ వేసి చూశాం, గరగరమన్న కిట్లు కూడా శుభ్రంగా పనిచేశాయి.

డయోడ్ సంగతి ఇంతకంటే తీవ్రమైనది. బోర్డు మీద డీ1 అని రాసి రెండు రంధ్రాలు వదిలారు. పొట్లంలో డయోడ్ లేదు. సూచనల కాగితంలో "కావాలంటే వేసుకోవచ్చు" అన్నారు. కాయిల్‌కి కరెంటు ఆపగానే దానిలోంచి వచ్చే వెనుక వోల్టేజ్‌ని ఆపేది ఆ డయోడే. బీసీ547 కలెక్టర్ తట్టుకునేది 45 వోల్టులు, డయోడ్ లేకపోతే వెనుక వోల్టేజ్ దాన్ని దాటిపోతుంది. రూపాయో రెండో చేసే 1ఎన్4007 డయోడ్ లేక మా ట్రాన్సిస్టర్లు కొన్ని షార్ట్ అయ్యాయి, అంటే ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయాయి. ఒక టేబుల్ దగ్గర ప్రోగ్రామ్‌లో ఆఫ్ చేసినా 230 వోల్టుల బల్బు ఆరలేదు. ప్రోగ్రామ్‌లో ఆఫ్ చేశాం కాబట్టి కరెంటు లేదనే నమ్మకంతో హోల్డర్ దగ్గర చెయ్యి పెట్టబోయిన విద్యార్థిని చూసి వెంటనే మెయిన్ కట్టేశాం. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది పిల్లల సోల్డరింగ్ బాగాలేదన్నారు. అదే పిల్లలు డయోడ్, సరైన రెసిస్టర్ వేసి కట్టిన బోర్డులు రోజంతా ఆన్ ఆఫ్ అవుతున్నాయి.

కిట్లన్నీ మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. సూచనల కాగితం సరిదిద్ది, ఇవే కిట్లు కొన్న మిగతావాళ్లకీ తెలియజేయండి. ఇళ్లలో మోటార్లకు వాడేవాళ్లూ ఉంటారు. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. బిల్లు, బోర్డుల ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ లెక్చరర్