లరీసా లజూతినా కథను సగంలో ఆపకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. శీతాకాల ఒలింపిక్స్‌లో పేరు తెచ్చుకున్న మహిళల గురించి మీ ఆదివారం క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మంచు అంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే తప్ప మరొకటి తెలియని మన పాఠకులకు కాళ్ళకు స్కీ పలకలు కట్టుకుని మంచుపై కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తే క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో రష్యా తార లరీసా లజూతినాను పరిచయం చేసినందుకు కృతజ్ఞతలు. అయితే ఆమె గెలిచిన ఐదు ఒలింపిక్ స్వర్ణాలనూ పేరుపేరునా చెప్పిన ఆ వ్యాసం, 2002 సాల్ట్ లేక్ సిటీ దగ్గరికి వచ్చేసరికి ‘కొన్ని వివాదాల వల్ల ఆట నుంచి తప్పుకున్నారు’ అన్న ఒక్క వాక్యంతో గట్టెక్కింది. నా అభ్యంతరం ఆ వాక్యం గురించే.

ఆమె గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కరేలియాలోని కొండపోగా అనే కాగితపు మిల్లు పట్టణంలో 1965లో పుట్టిన లజూతినా, 1995లో కెనడాలోని థండర్ బేలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కసారే నాలుగు స్వర్ణాలు గెలిచారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్న ఐదు పోటీల్లోనూ పాల్గొని ఐదింటిలోనూ పతకం సాధించారు. వాటిలో మూడు స్వర్ణాలు. 5 కిలోమీటర్ల చిన్న పోటీకి కావలసిన వేగం, 30 కిలోమీటర్లకు కావలసిన ఓపిక ఒకే మనిషిలో ఉండటం అరుదు. స్వదేశం ఆమెను ‘హీరో ఆఫ్ రష్యా’ బిరుదుతో గౌరవించింది. మాస్కో పక్కనున్న ఒడింట్సోవోలో స్కీయర్లు సాధన చేసే ట్రాక్‌కు ఇప్పటికీ ఆమె పేరే ఉంది.

సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళేనాటికి ఆమె వయసు 36. అక్కడ తొలి వారంలోనే రెండు రజతాలు వచ్చాయి. ఫిబ్రవరి 21న రిలే మొదలవడానికి కాస్త ముందు చేసిన రక్తపరీక్షలో ఆమె హిమోగ్లోబిన్ అనుమతించిన పరిమితిని దాటింది. ఆమె స్థానంలో మరొకరిని దించే వ్యవధి లేక, అందరూ గెలుస్తుందనుకున్న రష్యా జట్టు పోటీకే దిగలేదు. స్వర్ణం జర్మనీకి దక్కింది. హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఎవరూ దోషులు కారు, ఆ రోజుకు పరుగెత్తనివ్వరు, అంతే. కానీ రష్యా అధికారులు ఇది తమ దేశంపై కుట్ర అన్నారు, క్రీడలనే వదిలి వెళ్ళిపోతామని హెచ్చరించారు. మూడు రోజుల తర్వాత 30 కిలోమీటర్ల పోటీలో లజూతినా మొదటి స్థానంలో వచ్చారు. ఆ స్వర్ణం నిలిచి ఉంటే అది ఆమెకు పదో ఒలింపిక్ పతకమై, శీతాకాల ఒలింపిక్స్‌లో పది పతకాలు గెలిచిన సోవియట్ స్కీయర్ రైసా స్మెతానినా రికార్డుతో సమానమయ్యేది. అదే రోజు ఆమె మూత్ర నమూనాలో ఎర్ర రక్తకణాలను పెంచే నిషిద్ధ మందు డార్బెపోయెటిన్ దొరికిందని ప్రకటించి, ఆ స్వర్ణాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళ నిషేధం విధించారు. ఆమె సహచరి ఓల్గా డానిలోవా, స్పెయిన్ తరఫున ఆడిన జోహాన్ మ్యూలెగ్ కూడా అదే మందుతో దొరికారు. దీన్ని ‘కొన్ని వివాదాలు’ అనవచ్చునా?

ఈ విషయంలో నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ విభాగంలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. డార్బెపోయెటిన్‌ను కిడ్నీలు పాడై రక్తం పట్టని రోగుల కోసం తయారుచేశారు. ఎముకల్లోని మూలుగ ఎర్ర రక్తకణాలను తయారుచేయాలంటే కిడ్నీల నుంచి ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్ అందాలి. కిడ్నీలు చెడినవారికి అది అందదు కాబట్టి ఇంజెక్షన్‌గా ఇస్తాము. పాత రకం మందును వారానికి రెండు మూడు సార్లు పొడవవలసి వచ్చేది. 2001లో మార్కెట్లోకి వచ్చిన డార్బెపోయెటిన్ శరీరంలో ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక వారానికో, రెండు వారాలకో ఒకసారి ఇస్తే చాలు. ఉద్దానం కొబ్బరి తోటల నుంచి వచ్చే రోగులకు హిమోగ్లోబిన్ ఏడు, ఎనిమిది ఉండేది. మంచం దిగి బాత్రూం దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. ఫ్రిజ్‌లో భద్రంగా పెట్టిన చిన్న సిరంజి తీసి, కుదపకుండా, చర్మం కిందో డయాలసిస్ గొట్టంలోనో ఎక్కించేవాళ్ళం. కొన్ని వారాలు గడిచాక అదే మనిషి బస్సు దిగి తన కాళ్ళపై తానే వార్డు దాకా వచ్చేవాడు. అయినా హిమోగ్లోబిన్ పదకొండు దాటుతోందంటే డాక్టరు గారు మోతాదు తగ్గించమనేవారు. రక్తం చిక్కబడితే బీపీ పెరుగుతుంది, గడ్డలు కడతాయి, పక్షవాతం రావచ్చు. రోగికే ఇన్ని జాగ్రత్తలు తీసుకునే మందును, రక్తానికి ఏ లోటూ లేని ఆరోగ్యవంతురాలు పోటీ కోసం తీసుకుంటే జరిగేది వివాదం కాదు, ప్రాణంతో చెలగాటం. అప్పటికి ఆ మందు కొత్తది, పరీక్షలో దొరకదన్న నమ్మకం ఆటగాళ్ళలో ఉండేదంటారు. లాస్ ఏంజెలిస్ ప్రయోగశాల దాన్ని పట్టుకుంది.

మీ వ్యాసంలో పేరే కనిపించని మరో మనిషి కెనడా స్కీయర్ బెకీ స్కాట్. 2002 ఫిబ్రవరి 15న జరిగిన పర్స్యూట్ పోటీలో డానిలోవా స్వర్ణం, లజూతినా రజతం గెలవగా, స్కాట్ కాంస్యంతో పోడియంపై వారి పక్కన నిలబడ్డారు. ఒలింపిక్ కమిటీ మొదట డానిలోవా, లజూతినాలకు 30 కిలోమీటర్ల పోటీ ఫలితాన్ని మాత్రమే రద్దుచేసి, అంతకుముందు వచ్చిన పతకాలను వారికే వదిలేసింది. అవి కూడా చెల్లవని తేలడానికి కెనడా వారు క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళి 2003 చివరి దాకా పోరాడవలసి వచ్చింది. స్కాట్ కాంస్యం ముందు రజతమై, ఆ తర్వాత స్వర్ణమైంది. ఆ స్వర్ణాన్ని 2004 జూన్‌లో వాంకూవర్‌లో ఆమెకు అందజేశారు. జాతీయ గీతం మోగే ఆ రెండు నిమిషాలు, మర్నాటి పత్రికల మొదటి పేజీ, ఆ వెంటనే వచ్చే స్పాన్సర్లు, ఇవన్నీ రెండేళ్ళ తర్వాత వచ్చే పతకంతో తిరిగి రావు. అదే పోటీలో ఐదో స్థానంలో వచ్చి, పోడియం ఎక్కకుండానే ఇంటికి వెళ్ళిన జర్మనీ క్రీడాకారిణి వియోలా బావర్‌కు చివరికి కాంస్యం దక్కింది. చాంపియన్ జీవితం రాసేటప్పుడు ఈ పద్దు కూడా రాయాలి.

అంతమాత్రాన పాత పతకాలన్నిటిపైనా బురద చల్లమని నేను కోరను. అధికారిక లెక్కలో లజూతినాకు ఈనాటికీ ఏడు ఒలింపిక్ పతకాలున్నాయి. నగానో నాటికి ఈ మందులకు పరీక్షే లేదు, అది 2000 సిడ్నీలో మొదలైంది. కాబట్టి 1998 విజయాల గురించి తెలిసినట్టు మాట్లాడటం అన్యాయం. ఇది రష్యన్ల జాడ్యమని తేల్చేయడమూ అంతే అన్యాయం. 2001లో సొంతగడ్డ లాహ్తిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఫిన్లాండ్ స్కీయర్లు ఆరుగురు దొరికిపోయారు.

ఎక్కడి మంచు, ఎక్కడి మనం అని మీరు అనుకోవచ్చు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) అధికారులు వచ్చారని తెలియగానే పోటీదారులు మాయమై, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తిన సంగతి అందరూ చదివిందే. ఆ స్టేడియం మరుగుదొడ్లలో వాడి పడేసిన సిరంజిలు కనిపించాయి, ఎరిత్రోపోయెటిన్ పేరు కూడా వినిపించింది. మా వార్డులో లెక్కపెట్టి, చిట్టాలో రాసి ఇచ్చిన మందు అది. మన ఊళ్ళలో పరుగు నేర్చుకుంటున్న పిల్లలు, వారి తల్లిదండ్రులు చదివే పేజీ మీది. ఐదు స్వర్ణాలూ చదివి, ఆ మందు పేరు మాత్రం చదవకపోతే వారికి చేరేది సగం సమాచారమే.

అందువల్ల వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. పెద్దదేమీ అక్కరలేదు. డార్బెపోయెటిన్ వాడినట్టు తేలడంతో సాల్ట్ లేక్ సిటీలో ఆమె గెలిచిన మూడు పతకాలూ రద్దయ్యాయని, డానిలోవా కోల్పోయిన పర్స్యూట్ పోటీ స్వర్ణం చివరికి బెకీ స్కాట్‌కు చేరిందని నాలుగు వాక్యాలు వేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం జిల్లా