తుపాకీ లెక్కల్లో దిగుతున్న నా కూతురికి

చిరంజీవి సాహితికి,

అమ్మ దీవెనలు. అమెరికాలో తుపాకీ హింస మీద పనిచేసే బృందంలో చేరుతున్నావనీ, రాష్ట్రాల తుపాకీ చట్టాల ఫలితాన్ని లెక్కగట్టే పని నీకు అప్పగించారనీ రాశావు. చాలా సంతోషించాను. ఇంత అవసరమైన పనికి ఇన్నేళ్లు అడ్డుపడిన సందర్భం ఆరోగ్య రంగంలో నాకు ఇంకోటి కనబడదు.

చట్టాల సంగతి తరవాత చూద్దాం. ముందు అంకెల దగ్గర ఆగు. నీ ఫైల్లో ఒక మరణం ‘హత్య’ అనో ‘ప్రమాదం’ అనో ఉందంటే, ఎవరో ఒకరు ఏదో ఒక నియమాన్ని పట్టుకుని ఆ గడి నింపారన్నమాట. ఎవరు నింపారు, ఏ నియమంతో నింపారు, సంగతి తెలియనప్పుడు ఏం రాశారు అన్నవి తెలుసుకోకుండా మోడల్ నడపకు. ఈ రంగంలో పెద్ద తప్పులు గణితంలో కన్నా ఇక్కడే ఎక్కువ జరుగుతాయి.

2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో ఆత్మహత్యలు 26,328, హత్యలు 20,958. వార్తల్లో సామూహిక కాల్పులే కనిపిస్తాయి కాబట్టి సగానికి పైగా ఆత్మహత్యలన్న సంగతి చాలామందికి తట్టదు. ఈ రెండూ వేర్వేరు మనుషుల మీద, వేర్వేరు చోట్ల పడే దెబ్బలు. ఆత్మహత్యల్లో వయసు మళ్లిన శ్వేతజాతి మగవాళ్లు, పల్లె ప్రాంతాలు ముందుంటాయి. హత్యల్లో నగరాల్లోని కొన్ని పేటలు, ముఖ్యంగా నల్లజాతి యువకులు. రెండూ కలిపి ‘తుపాకీ మరణాల రేటు’ అని ఒకే గీత గీస్తే, వీధిలో తుపాకీ పట్టుకు తిరగడం గురించిన చట్టానికి ఆత్మహత్యల హెచ్చుతగ్గులు అంటగట్టినట్టవుతుంది. ఏ చట్టం ఏ మరణాన్ని ఏ దారిన ఆపగలదో ఒక్క వాక్యంలో రాసుకున్నాకే ఫలితపు చరరాశిని, అంటే నువ్వు కొలవబోయే అంకెను, ఎంచుకో.

మరణాల ఫైల్లో మరణ కారణాల అంతర్జాతీయ వర్గీకరణ అయిన ఐసీడీ-10 కోడ్లుంటాయి: తుపాకీ ఆత్మహత్యకు ఎక్స్72 నుంచి ఎక్స్74, దాడికి ఎక్స్93 నుంచి ఎక్స్95, ప్రమాదానికి డబ్ల్యూ32 నుంచి డబ్ల్యూ34, ఉద్దేశం తేలనివాటికి వై22 నుంచి వై24, పోలీసు కాల్పులకు వై35.0. ఈ చివరిదాన్ని అసలు నమ్మకు. మరణ ధ్రువపత్రం రాసినవారు పోలీసుల ప్రస్తావన తేకపోతే ఆ మరణం ఎక్స్95లో పడిపోతుంది, అలా పడిపోయినవి చాలా ఉన్నాయి.

‘ప్రమాదం’ గడి ఇంకా చిక్కైనది. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లల మరణాల లెక్క మొత్తం దీని మీద ఆధారపడి ఉంది. ఆడుకుంటూ ఒక పిల్లాడి చేతిలో తుపాకీ పేలి ఇంకో పిల్లాడు చనిపోయాడనుకో. వేరొకరి చేతిలో పోయిన ప్రాణం కాబట్టి హత్య అని రాయడం మరణ కారణం తేల్చే మెడికల్ ఎగ్జామినర్లలో చాలామంది పద్ధతి. దాంతో ధ్రువపత్రాల లెక్కలో పిల్లల ప్రమాదాలు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాయి. ఆసుపత్రి రికార్డుల్లో తప్పు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున జరుగుతుంది. గాయపడి వచ్చిన మనిషి ఫైల్లో ‘తుపాకీ గాయం’ అని మాత్రమే ఉండి ఎవరు కాల్చారో లేకపోతే, కోడింగ్ నియమం ప్రకారం దాన్ని ప్రమాదం కింద రాయాలి. కోడ్ వేసే ఉద్యోగి నిర్లక్ష్యం కాదది, అక్కడి నిబంధనే అంత. అందువల్ల వీధిలో దాడికి గురైనవాళ్లు వేలమంది ఆసుపత్రి లెక్కల్లో ‘ప్రమాద బాధితులు’గా మారిపోతారు. ఒకే రకం సంఘటన ఒక ఫైల్లో తగ్గి, ఇంకో ఫైల్లో పెరుగుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ‘ప్రమాదాల్లో బతికేవారి శాతం’ లెక్కేస్తే వచ్చే అంకెకు అర్థమే ఉండదు.

దీనికి మందు ఉంది. ఆసుపత్రి రికార్డులు వాడాల్సి వస్తే ప్రమాదం కోడ్ పడ్డవాటిలోంచి యాదృచ్ఛికంగా కొన్ని ఎంచి, డాక్టరు రాసిన నోట్స్ ఇద్దరు విడివిడిగా చదివి, ఉద్దేశాన్ని మళ్లీ నిర్ణయించండి. ఇద్దరికీ ఎంతవరకు కుదిరిందో చెప్పే కప్పా అనే కొలత వెయ్యండి. ఎంత శాతం కోడ్లు మారాయో తేలితే, అదే నిష్పత్తి మొత్తం ఫైలుకు వర్తింపజేసి ఫలితం నిలబడుతుందో లేదో చూడండి. నిలబడకపోతే ఆ సంగతి వ్యాసం మొదట్లోనే చెప్పండి.

ధ్రువపత్రం, కరోనర్ (మరణ విచారణాధికారి) నివేదిక, పోలీసు నివేదిక మూడూ కలిపి చూసేది ఎన్‌వీడీఆర్‌ఎస్ అనే హింసాత్మక మరణాల వ్యవస్థ. ఉన్నవాటిలో అదే మేలు. కానీ 2002లో ఆరు రాష్ట్రాలతో మొదలైన ఆ వ్యవస్థ యాభై రాష్ట్రాలకూ నిధులతో సహా చేరింది 2018లో. దేశమంతటి పాత ధోరణి అందులో వెతక్కు. ఎఫ్‌బీఐ అంకెలు వాడేటప్పుడు 2021 జనవరి గుర్తుపెట్టుకో. పాత నమోదు పద్ధతి ఆపి కొత్తదానికి మారిన నెల అది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద పోలీసు శాఖలు ఆ ఏడాది లెక్కలోకి రాలేదు. మధ్యలో గీత తెగింది కాబట్టి హత్యల మొత్తానికి మరణ ధ్రువపత్రాల వైపే మొగ్గు.

లెక్కలు ఇంత అతుకులబొంతగా ఎందుకున్నాయో నీకు తెలిసుండాలి. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం టెనెసీలోని షెల్బీ, వాషింగ్టన్‌లోని కింగ్, ఒహైయోలోని కయహోగా కౌంటీల్లో, ఇంట్లో హత్యకు గురైనవారిని అదే పేటలో ఉండే, అదే వయసు శ్రేణి వారితో పోల్చింది. ఇంట్లో తుపాకీ ఉన్నచోట హత్య జరిగే ఆడ్స్ (జరిగే, జరగని అవకాశాల నిష్పత్తి) 2.7 రెట్లని తేలింది. ప్రాణభయం ఉన్నవారే తుపాకీ కొనుక్కుని ఉండొచ్చు కదా అన్నది దానిపై వచ్చిన ప్రధాన విమర్శ, అది న్యాయమైన విమర్శే. దానికి సరైన జవాబు ఇంకా మంచి అధ్యయనం. వచ్చిన జవాబు వేరు. 1996లో కాంగ్రెస్ నిధుల బిల్లులో ఒక వాక్యం చేర్చింది: కేంద్ర వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీకి ఇచ్చే గాయాల నివారణ నిధులను తుపాకీ నియంత్రణను సమర్థించడానికీ ప్రోత్సహించడానికీ వాడకూడదని. దాన్ని తెచ్చిన ఆర్కాన్సా సభ్యుడు జే డిక్కీ పేరుతోనే అది నిలిచిపోయింది. దాంతోపాటు సీడీసీ తుపాకీ పరిశోధన మీద పెట్టిన 26 లక్షల డాలర్లను మెదడు గాయాల పనికి మళ్లించారు. పరిశోధన చేయొద్దని ఆ వాక్యం అనలేదు. హద్దు ఎక్కడో తెలియక అధికారులే వెనక్కి తగ్గారు. 2011 డిసెంబరులో అదే వాక్యం వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్ఐహెచ్‌కూ పాకింది. 2012లో డిక్కీ, అప్పట్లో సీడీసీ గాయాల కేంద్రాన్ని నడిపిన మార్క్ రోజెన్‌బర్గ్ ఇద్దరూ కలిసి పరిశోధన జరగాలని పత్రికలో రాశారు. 2018లో పరిశోధనకు అడ్డు లేదని కాంగ్రెస్ స్పష్టం చేసింది. 2019 డిసెంబరులో సీడీసీకీ ఎన్ఐహెచ్‌కీ చెరిసగంగా 2.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా ఒక తరం పరిశోధకులు తయారవకుండా పోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇందులో నీ రోజువారీ పనికి పనికొచ్చే సంగతి ఒకటుంది. సీడీసీ సొమ్ముతో చేసే పనిలో ‘ఈ చట్టం తేవాలి’ అన్న వాక్యం రాయకు. ‘ఈ చట్టం అమల్లో ఉన్నచోట ఇంత మార్పు కనిపించింది, అనిశ్చితి ఇంత’ అని రాయి. అంతవరకు రాసే హక్కు నీకుంది, భయపడి దాన్ని కూడా తగ్గించుకోవద్దు.

ఎన్ని ఇళ్లలో తుపాకులున్నాయన్న ప్రాథమిక అంకె కూడా నీకు నేరుగా దొరకదు. కేంద్ర ప్రభుత్వం యజమానుల జాబితా పెట్టకూడదని 1986 చట్టం. రాష్ట్రాలవారీ పెద్ద ఆరోగ్య సర్వేలో ఆ ప్రశ్న అన్ని రాష్ట్రాల్లో అడిగింది 2001, 2002, 2004లలోనే. అందుకే మొత్తం ఆత్మహత్యల్లో తుపాకీతో జరిగినవెంత అన్న నిష్పత్తిని యాజమాన్యానికి బదులుగా వాడతారు. రాష్ట్రాల మధ్య పోలికకు అది బాగానే పనిచేస్తుంది. కానీ నీ ఫలితం తుపాకీ ఆత్మహత్యలే అయినప్పుడు దాన్ని వాడావో, సమీకరణానికి రెండువైపులా ఒకటే పెట్టినట్టు.

ఇక చట్టాల పట్టిక. తేదీలు నువ్వే స్వయంగా చట్టం పాఠంలోంచి ఎత్తి రాయి. ఆమోదించిన తేదీ కాదు, అమల్లోకి వచ్చిన తేదీ కావాలి. చేతి తుపాకీ కొనడానికి పర్మిట్ తప్పనిసరి చేసిన కనెక్టికట్ చట్టం 1995 అక్టోబరు 1న అమలైంది. వార్షిక డేటాలో 1995కి ఒకటి వేస్తే తప్పు. 365లో 92 రోజులు, అంటే 0.25. మిస్సోరీ అలాంటి పర్మిట్‌ను 2007 ఆగస్టు 28న ఎత్తేసింది, ఆ ఏడాది మిగిలినవి 126 రోజులు, 0.35. అదే రోజుల్లో ఆ రాష్ట్రంలో ఇంకే చట్టం మారిందో పక్కన రాసుకో. చట్టాలు తరచూ గుంపుగా వస్తాయి.

కనెక్టికట్ మీద మొదట వచ్చిన అంచనా ప్రకారం పదేళ్లలో తుపాకీ హత్యలు 40 శాతం తగ్గాయి. అందులో పోలిక కోసం ఇతర రాష్ట్రాలను బరువులతో కలిపి కట్టిన కృత్రిమ కనెక్టికట్‌లో బరువంతా చాలావరకు రోడ్ ఐలాండ్ మీదే పడింది. అంత చిన్న రాష్ట్రంలో హత్యలు కొద్దిగా ఎగిరినా పోలిక ఊగిపోతుంది. ఎక్కువ ఏళ్లతో తరవాత చేసిన విశ్లేషణలో తగ్గుదల 28 శాతం దగ్గర నిలిచింది. దిశ మారలేదు, పరిమాణం మారింది. అలా పోలికకు కలిపిన దాత రాష్ట్రాలను ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ నడిపే పరీక్ష నువ్వు మొదటి వారంలోనే చెయ్యి.

ఇంకో ఉచ్చు: ఒక రాష్ట్రపు ఈ ఏటి రేటు పోయినేటి రేటును అంటిపెట్టుకునే ఉంటుంది. బెర్‌ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ 2004లో లేని చట్టాలను యాదృచ్ఛికంగా రాష్ట్రాలకు అంటించి చూస్తే, 5 శాతమే తప్పుగా తేలాల్సిన పరీక్షలో 45 శాతం దాకా ‘ప్రభావం ఉంది’ అని తేలాయి. నీ సొంత డేటాలో అలాంటి బూటకపు చట్టాలు వెయ్యి వేసి చూసుకో. వేర్వేరు ఏళ్లలో అమలైన చట్టాలైతే, ముందే అమలు చేసినవాటిని పోలికకు వాడకుండా ఇంకా అమలు చేయని రాష్ట్రాలతోనే పోల్చు. 2020లో దేశమంతా హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. ఆ ఏడాదిని ఉంచీ, తీసేసీ రెండుసార్లు చూపించు.

అంతా బురదే అనుకోకు. పిల్లలకు అందకుండా భద్రపరచడం విషయంలో ఆధారం గట్టిది. 2005లో గ్రాస్‌మన్ బృందం పిల్లలు తుపాకీతో తమను కాల్చుకున్న, లేదా పొరపాటున కాల్పులు జరిగిన ఇళ్లను మిగతా ఇళ్లతో పోల్చినప్పుడు తాళం వేసిన తుపాకీకి ఆడ్స్ రేషియో (ఒకటికన్నా ఎంత తక్కువైతే అంత రక్షణ) 0.27, తూటాలు తీసి ఉంచినదానికి 0.30, తూటాలకు విడిగా తాళం వేస్తే 0.39, తూటాలు వేరేచోట ఉంచితే 0.45 వచ్చాయి. 2020 నుంచి అమెరికాలో 1–19 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణం తుపాకీ. అక్కడ ఒక తాళం విలువ ఇది. ఆత్మహత్యల్లోనూ అంతే. 2006లో ఇజ్రాయెల్ సైన్యం వారాంతపు సెలవుల్లో ఆయుధాలు ఇంటికి తీసుకెళ్లడాన్ని తగ్గించాక సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. ప్రయత్నం చేసి బతికినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది తరవాత ఆత్మహత్యతో చనిపోరు. ఆ గండం దాటిస్తే మనిషి మిగులుతాడు. తుపాకీ చేతికి అందితే మాత్రం ఆ అవకాశం చాలా అరుదు. ఈ మాట అనుమానం లేకుండా గట్టిగా చెప్పు.

కౌంటీల పట్టికలు వేసేటప్పుడు సీడీసీ డేటా సైటు వండర్‌లో 1–9 మధ్య అంకెలు దాచి ఉంచుతారు. దాచినవాటిని సున్నా అనుకోవద్దు, తీసేయనూ వద్దు. ఏళ్లు కలుపు, లేకపోతే పక్క కౌంటీలు కలుపు. 20 లోపు మరణాలతో కట్టిన రేటు నిలకడగా ఉండదు. చుట్టుపక్కల మొత్తాల్లోంచి తీసివేసి దాచిన అంకెను పట్టుకోవడం తేలికే. అది చెయ్యకు, నిబంధన అక్కడ మృతుల కుటుంబాల కోసం ఉంది.

మరణ కథనాలు చదివే పని కూడా నీకే ఇస్తారనుకుంటున్నాను. ఒక్కొక్కటి ఒక పేరా ఉంటుంది, పేర్లుండవు, కానీ ఇల్లు, వయసు, చివరి మాటలు ఉంటాయి. రాత్రిపూట చదవకు. వరసగా గంట మించి వద్దు. పిల్లలవి ఒక్కదానివే కూర్చుని చదవొద్దు, జతగా చదవండి. మనసు బాగోని రోజు వేసిన కోడ్లు పక్కనపెట్టి మర్నాడు మళ్లీ చూడు. ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, వేళ చూసుకోకు. కోడ్‌బుక్ మొదటి చిత్తుప్రతి తయారయ్యాక నాకు పంపించు, ‘తెలియదు’ అన్న గడికి ఏ నియమం పెట్టావో ముందు అదే చూస్తాను.

అమ్మ