తల తెగిన ఆణిముత్యాలు

సంపాదకులకు,

నగరంలో ఈమధ్య ముగిసిన చలనచిత్రోత్సవం మీద మీ వార్త వచ్చి వారం దాటింది. పాత సినిమాలకు హాలు కిక్కిరిసిందనీ, వెండితెర మళ్లీ వెలిగిందనీ రాశారు. జనం వచ్చిన మాట నిజమే. తెర మీద పడింది ఎంత సినిమా అన్నది మాత్రం మీ విలేకరికి పట్టలేదు.

తెలుగుకు సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పాటి బొమ్మ, వచ్చింది 1974లో, 'అల్లూరి సీతారామరాజు'తో. 1957 నాటి 'మాయాబజార్' ఫ్రేము నిలువు 1 అయితే అడ్డం 1.37. మల్టీప్లెక్సు స్కోప్ తెర అడ్డం 2.39. ఆ బొమ్మను ఈ తెర నిండా పెంచితే నూటికి 43 పాళ్లు పైనా కిందా తెగిపోతుంది. అంతకన్నా తక్కువ వెడల్పుండే 1.85కి ('ఫ్లాట్' అంటారు) సరిపెట్టినా 26 పాళ్లు గోవిందా. ఉత్సవంలో జరిగింది ఇదే. వివాహ భోజనం దగ్గర ఘటోత్కచుడి కిరీటం పైకి పోయింది, వంటకాలు కిందికి పోయాయి, మధ్యలో మీసాలు మిగిలాయి. ఇంకో ఆటలో కోయకుండా అడ్డంగా సాగదీశారు. సన్నటి నాయిక కాస్తా రంగారావు గారంత అయింది!

దీన్ని సరిచేయడానికి నిధులు, కమిటీలు అక్కర్లేదు. డీసీపీ, అంటే హాలుకు వచ్చే డిజిటల్ కాపీ, సరిగ్గా చేసినదైతే 1998 బై 1080 పిక్సెళ్ల ఫ్లాట్ చట్రం మధ్యలో బొమ్మ 1480 బై 1080గా కూర్చుంటుంది, రెండు పక్కలా నలుపు. ప్రొజెక్టర్‌ను స్కోప్ నుంచి ఫ్లాట్‌కు మార్చాలి, తెర పక్కన పరదాలుంటే దగ్గరికి లాగాలి. రెండు నిమిషాల పని. ఆ నలుపు చూసి 'తెర నిండలేదేం' అని ఎవరో పెద్దమనిషి క్యాబిన్‌కు ఫోన్ కొడతాడు, ఆపరేటర్ జూమ్ తిప్పేస్తాడు. అనుమానముంటే టైటిల్స్ చూస్తే చాలు: పై వరసలోనో కింది వరసలోనో పేర్లు తెగాయంటే అక్కడే ఆపాలి. ఫిల్ము రోజుల్లో సినిమాను బట్టి లెన్సూ, ప్రొజెక్టర్ గేటులో బొమ్మ అంచులకు హద్దు గీసే అపర్చర్ ప్లేటూ మార్చేవాళ్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హాలు పేర్లలోనే 35 ఎంఎం, 70 ఎంఎం అని ఉండేది. ఇప్పుడు బటన్ నొక్కడానికి బద్ధకం.

సౌండు ఇంకా ఘోరం. పాత సినిమాల మోనో (ఒకే చానెల్) ట్రాక్ తెర వెనక నడిమి స్పీకర్లోంచే రావాలి. హాలు చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ పంచితే ముందు మాట, వెనక మాట క్షణం తేడాతో చెవిలో పడి బావిలో మాట్లాడినట్టుంటుంది. ఆ కాలపు ఆప్టికల్ ట్రాక్‌ను, అంటే ఫిల్ము అంచున ముద్రించిన శబ్దాన్ని, అప్పటి హాళ్లలో ట్రెబుల్ (కీచు స్వరాలు) బాగా తగ్గించి వినిపించేవాళ్లు. ఇప్పుడలాగే వదిలితే ఒకటే బుస. బుస పోవాలని సాఫ్ట్‌వేర్‌తో మరీ తోమితే ఘంటసాల పద్యం ముక్కుతో పాడినట్టవుతుంది. ఒక సినిమాకైతే ఎక్కడినుంచో దించిన ఫైలు వేశారు, మూలన టీవీ చానెల్ లోగోతో సహా. ఇదీ వెండితెర వెలుగేనా?

జ్యోతి ప్రజ్వలనకూ, శాలువలకూ, ప్రసంగాలకూ కావలసినంత తీరిక ఉంది. ముందుగా ఒక్కసారి వేసి చూసుకోవడానికి పది నిమిషాలు దొరకలేదు. సాంస్కృతిక వారసత్వం గురించి దంచిన అధికారులు దీపం వెలిగించి కార్లెక్కారు, ఒక్కరూ కూర్చుని చూడలేదు. 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే మిగల్లేదు. పాత ప్రింట్లలో ఎక్కువగా వాడిన ఎసిటేట్ రకం ఫిల్ముకు వేడీ తేమా తగిలితే వెనిగర్ వాసన మొదలవుతుంది, ఆపైన ముడుచుకుని వంకర్లు పోతుంది. మొదలయ్యాక ఆపలేం, చల్లగా పొడిగా ఉంచి కాస్త నెమ్మదింపజేయగలం, అంతే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచీ ఉంది. మన తెలుగు ఫిల్ము డబ్బాలు ఎన్ని, ఏ గోడౌన్లలో పులుస్తున్నాయో ఈ ప్రసంగాల వాళ్లలో ఎవరైనా లెక్క చెబుతారా?

వచ్చే ఉత్సవం బ్రోషర్‌లో ప్రతి సినిమా పేరు పక్కనా ఫ్రేము కొలతా, కాపీ ఏ ప్రింటు నుంచి తీసిందన్నదీ వేయించండి. ముఖ్య అతిథి పేరు కాస్త చిన్నక్షరాల్లో వేస్తే చోటు అదే వస్తుంది.

— ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్